పేపర్ టవల్ మానేసి గుడ్డకు మారడం: రాయగడ వంటింటి నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశా రాయగడలో ఉంటూ కాగితం వద్దనడం కాస్త విడ్డూరంగానే ఉంటుంది. ఊరి పక్కనే జేకేపూర్‌లో 1962 నుంచీ కాగితం మిల్లు నడుస్తోంది. మా వీధిలో ఏ ఇంటికి వెళ్ళినా ఆ మిల్లుతో ఏదో ఒక చుట్టరికం తగులుతుంది. అయినా మా వంటింట్లో రోజువారీ పనులకి టిష్యూ రోల్ వాడడం మానేసి రెండేళ్ళు దాటింది. పార్వతీపురం నుంచి మా అప్ప వచ్చినా, బరంపురం నుంచి మా ఆడపడుచు వచ్చినా గట్టు మీద రోల్ కనబడక అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ఫోన్లో చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

మసిగుడ్డ మన ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉంది కదా, ఇందులో కొత్తేముంది?

కొత్తేమీ లేదు. నిజానికి కొత్తది రోలే. వంటింటి పేపర్ రోల్‌ను అమెరికాలో స్కాట్ పేపర్ కంపెనీ 1931లో అమ్మకానికి తెచ్చింది, అంటే దానికి ఇంకా వందేళ్ళు నిండలేదు. మా ఇంట్లోకి వచ్చింది మాత్రం 2020లో, కరోనా భయంతో. ముట్టుకున్నదల్లా తుడిచి పారేయాలనిపించిన రోజులవి. భయం పోయింది, రోల్ ఉండిపోయింది.

రోల్ ఎందుకు నచ్చిందో కూడా ఒప్పుకోవాలి. మా చిన్నప్పుడు గట్టు మీద ఒకే ఒక్క మసిగుడ్డ ఉండేది. వేడి గిన్నె దించాలన్నా అదే, పాలు ఒలికినా అదే, చెయ్యి తుడుచుకోవాలన్నా అదే. సాయంత్రానికి జిడ్డోడుతూ, ఒక రకం పుల్లటి వాసనతో మూలన పడి ఉండేది. దాన్ని ముట్టుకోబుద్ధి కాకే నాలాంటివాళ్ళు కాగితానికి మారారు. మళ్ళీ ఆ ఒంటి మసిగుడ్డకే వెళ్దామంటే వారం కూడా నిలవలేరు. రోల్ మానాలంటే చాలినన్ని గుడ్డలు ఉండాలి, అవి ఆరడానికి వంటింటికి దగ్గర్లో ఒక దండెం ఉండాలి. గుడ్డ ఏ రకమన్నది ఆ తర్వాతి సంగతి.

నిజంగా ఎంత మిగులుతుంది?

నా లెక్క చెబుతాను, మీది మీరు వేసుకోండి. మేం ఇంట్లో ఐదుగురం. నెలకు మూడు రోల్స్ అయ్యేవి, ఒక్కోటి 65 రూపాయలు. నెలకు 195, ఏడాదికి 2,340. మానేసిన మొదటి ఏడాది నాకైన ఖర్చు: ఆరు కాటన్ డస్టర్లకి 150, రెండు చిన్న టర్కీ తువ్వాళ్ళకి 100, పాత చీర ముక్కలకు అంచులు కుట్టినందుకు టైలర్‌కి 60. మొత్తం 310. సబ్బు పొడికీ వాషింగ్ సోడాకీ ఇంకో 150 వేసుకున్నా 1,880 మిగిలాయి. రెండో ఏడాది కొత్తగా గుడ్డలేమీ కొనలేదు.

మీ ఇంట్లో రెండు నెలలకు ఒక రోల్ అవుతుంటే మాత్రం దీనివల్ల చెప్పుకోదగ్గ ఆదా ఉండదు. అలాంటివాళ్ళు ఆన్‌లైన్‌లో వందలు పోసి వంటింటి గుడ్డల సెట్టు కొంటే అది ఆదా అనిపించుకోదు. మా ఆడపడుచు అదే చేసింది. ఆ సెట్టు ఇంకా కవర్లోనే ఉంది. అంత అందమైన గుడ్డతో సాంబారు తుడవడానికి చెయ్యి రావట్లేదట.

ఎన్ని గుడ్డలు ఉండాలి?

రోజుకు ఎన్ని మారుస్తారో దానికి మూడు రెట్లు. ఒక వాయి వాడకంలో ఉంటుంది, ఒకటి దండెం మీద ఉంటుంది, ఒకటి మడతలో ఉంటుంది. మాకు రోజుకు నాలుగు పడతాయి: గట్టుకొకటి, చేతులకొకటి, కడిగిన గిన్నెలకొకటి, ఎంగిలి ఎత్తడానికొకటి. అంటే పన్నెండు. వానాకాలంలో ఇంకో నాలుగు బయటికి తీస్తాను.

అడుగు పొడవు, అడుగు వెడల్పు చాలు. అంతకంటే పెద్దదైతే పిండడం కష్టం, ఆరడం ఆలస్యం. వేడి గిన్నెలు దించే మసిగుడ్డ ఈ లెక్కలోకి రాదు. దాన్ని దేనికీ తడపకూడదు. తడి గుడ్డలోంచి వేడి చప్పున చేతికి దిగుతుంది, కుక్కర్ దించుతూ చురక తగిలాక గానీ నాకు తెలిసి రాలేదు.

ఏ గుడ్డ బాగా పీలుస్తుంది?

నూలు. అది కూడా పాత నూలు. కొత్త నూలు గుడ్డకి గంజి ఉంటుంది, పత్తికి పుట్టుకతో వచ్చే మైనం లాంటి పూత కూడా కొంత ఉంటుంది. అందుకే కొత్త డస్టర్ నీళ్ళను పీల్చకుండా గట్టు మీద అటూ ఇటూ తోస్తుంది. చాలామంది అక్కడే విసిగిపోయి మళ్ళీ రోల్ కొంటారు. రెండు మూడుసార్లు వేడి నీళ్ళల్లో సబ్బుతో ఉతికాక చూడండి. గుడ్డ మీద ఒక నీటి బొట్టు వేయండి. బొట్టు ముత్యంలా నిలబడితే ఇంకా ఉతకాలి, వెంటనే పరుచుకుపోతే పనికి సిద్ధమైనట్టే.

ఇంట్లో దొరికేవాటిలో నా ఓటు బనియన్లకి. మా ఆయనవి నాలుగు పాత బనియన్లు కత్తిరిస్తే ఎనిమిది ముక్కలొచ్చాయి. అది అల్లిక గుడ్డ కాబట్టి అంచు కుట్టకపోయినా పోగులు ఊడవు. అద్దాలకి, ఫ్రిజ్ తలుపుకి, గ్యాస్ స్టవ్‌కి దాన్ని మించింది లేదు. తర్వాతి స్థానం మల్లు పంచెది. మెత్తగా ఉంటుంది, గాజు గ్లాసు మీద నూగు వదలదు. నూలు చీరలు కూడా మంచివే, కానీ నేత గుడ్డ కనుక అంచు మడిచి కుట్టకపోతే రెండు ఉతుకులకే పోగులన్నీ చేతికొస్తాయి.

చేతులు తుడుచుకోవడానికి మా ఇంట్లో ఒడియావాళ్ళ గామ్ఛా వాడతాం. పల్చగా ఉంటుంది, గంటలో ఆరుతుంది. నేల మీద బిందె ఒలికినప్పుడు మాత్రం అది చాలదు, టర్కీ తువ్వాలే కావాలి. దాని మీది ఉంగరాల్లాంటి పోగులవల్ల నీళ్ళు పట్టే చోటు ఎక్కువ. షోలాపూర్ నుంచి వచ్చేవి గట్టిగా ఉంటాయి. షోలాపూర్ దుప్పటికీ, టర్కీ తువ్వాలుకీ రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన మన పద్మశాలీలు అక్కడి మగ్గాలకు ప్రాణం పోశారు. ఒడిశా సరిహద్దులో కూర్చుని మహారాష్ట్ర తువ్వాలు వాడుతుంటే, నేసింది కూడా తెలుగువాళ్ళేనన్న సంగతి నాకు ముచ్చటగా ఉంటుంది.

చీర నూలుదో కాదో అనుమానముంటే ఒక పోగు లాగి స్టీలు పళ్ళెంలో పెట్టి అగ్గిపుల్ల అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుని, కరిగి, గట్టి పూసలా అవుతుంది. ఆ పూసను చల్లారే దాకా ముట్టుకోకండి. మా అత్తయ్య పట్టుబట్టి 'అసలు సిసలు నూలు' అన్న చీర ఇలాగే పూసలు కట్టింది. ఆవిడ నాతో ఆ పూటంతా మాట్లాడలేదు.

మైక్రోఫైబర్, స్పాంజి గుడ్డ, వెదురు టవల్ రోల్: ఇవి కొనొచ్చా?

మైక్రోఫైబర్ అంటే పాలిస్టర్, నైలాన్ రకం పోగులను వెంట్రుక కంటే సన్నగా తీసి నేసింది. దుమ్మును పట్టడంలో నూలు దాని ముందు ఆగదు. కానీ అది ప్లాస్టిక్. ఉతికినప్పుడల్లా సన్నటి నలుసులు నీళ్ళల్లోకి పోతాయి, ఉడకబెడితే పాడవుతుంది. నేను బండికి, టీవీకి మాత్రమే ఉంచుకున్నాను.

స్పాంజి గుడ్డను ఆన్‌లైన్‌లో స్వీడిష్ గుడ్డ అని అమ్ముతారు. 1949లో స్వీడన్ ఇంజనీరు కుర్ట్ లిండ్‌క్విస్ట్ కనిపెట్టాడు. కలప గుజ్జు, పత్తి కలిపి చేస్తారు. ఆరినప్పుడు అట్టముక్కలా బిరుసుగా ఉంటుంది, తడిస్తే మెత్తబడి తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్ళు తాగుతుంది. వస్తువు మంచిదే. ఇక్కడి జూలైలో మాత్రం అది అట్టముక్క అయ్యేది ఎప్పుడని ఎదురు చూడాల్సిందే.

వెదురు టవల్ రోల్‌ను ఉతికి మళ్ళీ వాడొచ్చంటారు, నిజమే. అయితే వాటిలో చాలావరకు వెదురు గుజ్జుతో తీసిన రేయాన్. రేయాన్ తడిసినప్పుడు బలం తగ్గుతుంది, గట్టిగా పిండితే సాగిపోతుంది. ఆ డబ్బుకి డజను డస్టర్లు వస్తాయి.

పకోడీలు, బూరెల నూనె దేనిమీద పీల్పించాలి?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ముందు చేయకూడనిది: న్యూస్‌పేపర్. వేడి నూనెకి అచ్చు సిరా కరిగి తిండిలోకి వస్తుంది. న్యూస్‌పేపర్‌లో తిండి పెట్టొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లో చెప్పింది, 2023లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మన బజ్జీల బండ్లు చూస్తే ఎందుకు మళ్ళీ చెప్పారో తెలుస్తుంది.

నేను పళ్ళెం మీద స్టీలు జాలీ పెట్టి, వేయించినవి దాని మీద విడివిడిగా పేరుస్తాను. ఒకదాని మీద ఒకటి పోస్తే ఆవిరికి కిందివి మెత్తబడతాయి. జాలీ లేకపోతే చిల్లుల గరిటెతో తీసి, మూకుడు అంచున ఆనించి, పది లెక్కపెట్టేంతసేపు ఆగండి. నూనె ధారగా దిగుతుంది. కాగితమైతే ఆ నూనెను తాగి చెత్తబుట్టలోకి పోయేది. పళ్ళెంలో కారిన నూనె పోపులకి పనికొస్తుంది. ఆ మాటకొస్తే పకోడీ నూనె ఓడుతుంటే తప్పు సగం మూకుడుదే. నూనె సరిగా కాగకుండా పిండి వేస్తే అది నూనె తాగుతుంది.

పండగలకి, పదిమంది వచ్చినప్పుడు, జాలీ మీంచి దించి అడ్డాకుల విస్తట్లో వేస్తాను. కొండల నుంచి ఆడవాళ్ళు మోపులు కట్టి సంతకి తెస్తారు. ఆకు నూనెను పీల్చదు, ఆ భ్రమ వద్దు. ఊరికే వడ్డనకి అందంగా ఉంటుంది, తర్వాత గిన్నె తోమే పని ఉండదు.

నేల మీద నూనె ఒలికితే గుడ్డ వేయకండి. ముందు శనగపిండో, బియ్యప్పిండో, ఏ పాత పిండి ఉంటే అది చల్లండి. ఐదు నిమిషాల్లో ముద్ద కడుతుంది. అట్టముక్కతో గీకి ఎత్తేసి, ఆ తర్వాత సబ్బు నీళ్ళ గుడ్డతో తుడవండి.

చికెన్, చేపలు కడిగిన చోట ఏ గుడ్డ వాడాలి?

వేరే గుడ్డ. ఆ ఒక్క పనికే. పని అయిన వెంటనే వేడి నీళ్ళల్లోకి పోవాలి, మిగతావాటితో కలవకూడదు, సాయంత్రం చూద్దాంలే అని సింకు కింద పడేయకూడదు. అంత ఓపిక లేని ఆదివారం కాగితంతోనే తుడిచి పారేయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

రోజూ ఎలా ఉతకాలి? వాసన ఎందుకొస్తుంది?

వాసన మురికివల్ల కంటే తడివల్లే ఎక్కువ. తడిగా ముద్ద చేసి పెట్టిన గుడ్డలో సూక్ష్మజీవులు రాత్రికి రాత్రే పెరుగుతాయి. ఈ పాఠం నాకు మొదటి నెల్లోనే దొరికింది. వాడిన గుడ్డలన్నీ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆదివారం ఒకేసారి ఉతుకుదాం అనుకున్నాను. గురువారం మూత తీశాను. మా చిన్నవాడు హాల్లోంచి 'అమ్మా, ఏదో చచ్చింది' అని అరిచాడు.

ఇప్పుడు చేస్తున్నది ఇది. రాత్రి గిన్నెలు తోమాక, ఆ రోజు గుడ్డలు నాలుగూ చిన్న బకెట్‌లో వేడి నీళ్ళు, అర చెంచా సబ్బు పొడి వేసి నానబెడతాను. పాలూ ఇల్లూ సర్దుకునేసరికి పావుగంట అవుతుంది. నలిపి, జాడించి, గట్టిగా పిండి, దండెం మీద ఒక్క పొరగా ఆరేస్తాను. మడత పెట్టి ఆరేస్తే మడతలోపల ఆరదు, వాసన అక్కడే పుడుతుంది. మొత్తం ఐదు నిమిషాల పని, నిజాయితీగా చెప్పాలంటే రోజూ ఇష్టంగా చేసే పని కాదు.

వారానికోసారి ఉడకబెడతాను. పాత స్టీలు గిన్నెలో నీళ్ళు, ఒక చెంచా వాషింగ్ సోడా, పది నిమిషాలు తెర్లాలి. అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు, సోడా దాన్ని తినేస్తుంది, నల్లబడిపోతుంది. జిడ్డంతా పైకి తేలి నీళ్ళు టీ రంగులోకి తిరుగుతాయి. మొదటిసారి చూసినప్పుడు ఇన్నాళ్ళూ ఈ గుడ్డలతోనా గిన్నెలు తుడిచాను అని సిగ్గేసింది.

రెండు జాగ్రత్తలు. బట్టలకి వేసే కండిషనర్ ఈ గుడ్డలకి వేయొద్దు. పోగుల మీద పూతలా పట్టి నీళ్ళు పీల్చే గుణం చంపేస్తుంది. ఒక తువ్వాలు అలాగే పాడుచేసుకున్నాను. బ్లీచింగ్ వాడితే ఒట్టి నీళ్ళల్లోనే వాడండి. వెనిగర్‌తో గానీ, టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ కలిస్తే విషవాయువు వస్తుంది.

వానాకాలంలో ఆరకపోతే?

మా దగ్గర జూన్‌ నుంచి సెప్టెంబరు దాకా ఇదే టెన్షన్. నాగావళి నిండుగా పారుతుంటుంది, గోడలు చెమరుస్తాయి, గుడ్డలు మూడోరోజుకీ చల్లగానే తగులుతాయి. అప్పుడు మందపాటి టర్కీవి లోపల పెట్టేసి, గామ్ఛా ముక్కలు, పంచె ముక్కలే వాడతాను. పల్చటి గుడ్డను మళ్ళీ మళ్ళీ పిండొచ్చు. వంటింటి తలుపు వెనక, ఫ్యాను గాలి తగిలేచోట ఒక తాడు కట్టాను, గుడ్డకీ గుడ్డకీ జానెడు ఖాళీ ఉంచి క్లిప్పులు పెడతాను. మరీ తప్పకపోతే ఇస్త్రీ. స్టవ్ పైన తాడు కట్టి ఆరేసేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. ఒక్క గుడ్డ జారి మంట మీద పడితే చాలు.

పసుపు మరక పోవట్లేదు, ఏం చేయాలి?

సబ్బు రాయగానే పసుపు మరక ఎర్రగా అవుతుంది చూడండి, కుంకుమ పడిందేమో అనిపించేంతగా. కంగారు పడొద్దు. సబ్బులో ఉన్న క్షారానికి పసుపు అలా రంగు మారుతుంది, జాడిస్తే మళ్ళీ పచ్చగా అవుతుంది. ఎంత రుద్దినా పోనిది ఎండలో పోతుంది. పసుపు రంగు వెలుతురుకి నిలవదు. తడిగా ఉండగానే ఎండలో వేయండి. సాయంత్రానికి సగం, రెండో రోజుకి మిగతాది పోతుంది. వానాకాలపు మరకలు అక్టోబరు ఎండ కోసం కాచుకోవాలి.

గుడ్డలు ఉతకడానికి నీళ్ళు వృథా కాదా?

నాలుగు చిన్న గుడ్డలకి అర బకెట్. ఎండాకాలంలో కుళాయి రాని రోజుల్లో, జాడించిన నీళ్ళతోనే వాకిలి కడుగుతాను.

ఇంట్లో పనికి వచ్చేవాళ్ళు గుడ్డలు కలిపేస్తే?

కలిపేస్తారు. తప్పు వాళ్ళది కాదు, మనం చెప్పిన తీరుది. మా ఇంట్లో పనికి వచ్చే అక్కకి తెలుగు అంతంతమాత్రం, నా ఒడియా అంతకంటే అంతంతమాత్రం. ఒకరోజు నేల తుడిచిన గుడ్డతో డైనింగ్ టేబుల్ తుడవడం మా అత్తయ్య చూశారు. ఇక ఆ పూట ఇంట్లో ఏం జరిగిందో రాయక్కర్లేదు.

ఆ సాయంత్రం నేల గుడ్డలన్నిటికీ ఎర్ర దారంతో మూలన పెద్ద కుట్టు వేశాను. ఒడియాలో గుడ్డని కొనా అంటారు, ఎరుపుని నాలి అంటారు. 'నాలి కొనా' అంటే నేలకి, అంతే. తెల్లవి గట్టుకి, గళ్ళవి ఎంగిలికి. దేవుడి గది గుడ్డ సంగతి అత్తయ్యగారి శాఖ, అది ఆవిడ బీరువాలోనే ఉంటుంది, నేను కూడా ముట్టుకోను. రంగులు పెట్టాక మళ్ళీ గొడవ రాలేదు.

అంటే ఇంట్లో కాగితం అసలు ఉండకూడదా?

ఒక రోల్ ఉంది, అల్మరా పైన. పిల్లలు వాంతి చేసుకున్నప్పుడు, గాజు గ్లాసు పగిలి సన్నటి పలుకులు ఎత్తాల్సినప్పుడు వాడతాం. గాజు పలుకులు ఎత్తిన గుడ్డను మళ్ళీ చేత్తో పిండే సాహసం ఎవరూ చేయకండి. ఆ రోల్ కొని ఎనిమిది నెలలైంది. వాడిన టిష్యూను పాత పేపర్ల అబ్బాయికి వేయొద్దు. మురికి సంగతి అలా ఉంచి, తడిసినా చిరగకుండా దాంట్లో రెసిన్ కలుపుతారు, అది మళ్ళీ గుజ్జు కావడం కష్టం.

గుడ్డలు చిరిగిపోయాక?

గట్టు గుడ్డ పల్చబడితే ఎర్ర దారం వేసి నేలకి దింపుతాను. నేల గుడ్డ చిరిగితే మా ఆయన బండి తుడవడానికి, సైకిల్ చైన్‌కి వెళుతుంది. తలుపులకి అవిసె నూనె గానీ, పెయింటు గానీ రాసిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరుతూ తనంతట తనే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. బయట విప్పి పరిచి, బిరుసెక్కాక పారేయాలి.

నూనె అంటని ఒట్టి నూలు ముక్కలు సన్నగా కత్తిరించి కరివేపాకు మొక్క మొదట్లో మట్టిలో కలిపేస్తాను, కొన్ని నెలల్లో కుళ్ళిపోతాయి. మొన్న ఆ కుండీ తవ్వితే అన్నీ మట్టైపోయాయి, అత్తయ్యగారి 'అసలు సిసలు నూలు' చీర అంచు ఒక్కటే చెక్కుచెదరకుండా జరీతో సహా మెరుస్తూ బయటపడింది. ఆవిడ చూడకముందే తీసేశాను.